లోపల సూది మిగల్లేదు కదా

తోడికోడళ్ళ మీద అన్నేసి సామెతలు కట్టినవాళ్ళు తోడల్లుళ్ళని ఎలా వదిలేశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకావిడ. నేనూ అంతే. బేరం పోయినందుకు కాదు, ఆ పోయిన బేరం రోడ్డు దాటి నా తోడల్లుడి కొట్లోకి నడిచి వెళ్తుంటే కళ్ళారా చూడాల్సి వచ్చినందుకు ఏడ్చాను. బయటికి కాదు లెండి. దర్జీవాడు ఏడిస్తే గుడ్డ మీద మరక పడుతుంది.

ఆయన మా ఆవిడ అక్క మొగుడు. ఎదురుపడితే అన్నయ్యా అంటాను. వెనక మాత్రం రెడీమేడ్ అంటాను. మా కొట్లు ఎదురెదురు. నాది ఒక గుమ్మం వెడల్పు, రెండు కుట్టుమిషన్లు, ఒక కత్తిరింపు బల్ల. ఆయనది అద్దాల తలుపు, లోపల చల్లగాలి, తలల్లేని బొమ్మలకి తొడిగిన గౌన్లు. తలలు లేకపోయినా ఆ బొమ్మలు నన్నే చూస్తున్నట్టు ఉండేవి.

బడులకి సెలవులిచ్చిన రోజు నుంచి మళ్ళీ తెరిచేదాకా మా వృత్తికి పంట కాలం. వీధి చివరి బడి పిల్లల యూనిఫారాలు ఏళ్ళ తరబడి నావే. వసారాలో పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఎవడి భుజం వాలిందో, ఎవత్తె పొట్ట పెరిగిందో చూసి, పెరిగే ఈడు కాబట్టి మడతలో రెండు వేళ్ళ గుడ్డ వదిలి కుట్టేవాణ్ణి. ఆ ఏడు పెద్దమేడం కబురు పంపింది, ఈసారి కొలతలు అక్కర్లేదు, చిన్న, మధ్య, పెద్ద, మూడు సైజులు చాలని. ఆర్డరు రెడీమేడ్‌కి వెళ్ళింది. పిల్లలు మూడు సైజుల్లో పుడతారని నాకు ఆ ఏడే తెలిసింది.

సరే, బేరం పోతే పోయింది అనుకుందామంటే, పిల్ల కూడా అటే పోయేది.

మాకు ఒక్కతే కూతురు. అప్పుడు తొమ్మిదేళ్ళు. పుట్టినప్పుడు గుండ్రంగా ఉందని రెడీమేడ్ దాన్ని బొత్తాం అన్నాడు. అదే స్థిరపడింది. దర్జీ కూతురికి దర్జీ పెట్టాల్సిన పేరు ఆయన పెట్టి కూర్చున్నాడు. ఆయనకి పిల్లల్లేరు. ఆ మాట అనుకున్నప్పుడల్లా జాలి పడాలని నాకూ తెలుసు, కానీ సెలవులొచ్చిన దగ్గర్నుంచి నా కూతురు పొద్దస్తమానం ఆ అద్దాల వెనక తిరుగుతుంటే ఎవరి మీద ఎవరు జాలి పడాలో తేలేది కాదు. అంతకు ముందు చలి తగ్గే రోజుల్లో దానికి గొంతు నొప్పి, జ్వరం వచ్చాయి. ఐస్‌క్రీము తినిపించాడని ఆయన్ని తిట్టుకుంటూ ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాం. నాలుగు రోజులకి తగ్గిపోయింది. తగ్గిపోయిందనే అనుకున్నాం.

సెలవుల మొదట్లో దాని పుట్టినరోజు వచ్చింది. నీలం పూల నూలుగుడ్డ ఒకటి ఎప్పటినుంచో దాచి ఉంచాను. మెడకి సన్నటి పట్టీ వేసి, కాజాలు చేత్తో తీసి గౌను కుట్టాను. కాజాలు చేత్తో తీసేవాళ్ళు మా వీధిలో నేను కాక ఇంకెవరూ మిగల్లేదు. ఆయనేమో సంచీలోంచి పసుపుపచ్చ గౌను తీశాడు. మెడ చుట్టూ గరుకు జాలీ, వెనక జిప్పు, వంద తళుకులు. ఏది తొడుక్కుందో చెప్పక్కర్లేదు. నాది మడతపెట్టి, జాగ్రత్తగా దాచుకుంటా నాన్నా అంది. దాచుకునే వస్తువంటే వాడని వస్తువనేగా అర్థం.

కొద్ది రోజులకి పిల్ల ఎడమ భుజం ఎగరేయడం మొదలుపెట్టింది. ఉన్నట్టుండి భుజం చెవి దాకా లేచేది, దిగేది. మెడ ఓ పక్కకి తిరిగేది. అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. జాలీ గుచ్చుతోంది, రెడీమేడ్ మెడ, చూడు, అని మా ఆవిడకి చూపించాను. లోపలి చీటీ కత్తిరించి పారేశాను. రోడ్డు దాటి వెళ్ళి, కొనేవాళ్ళ ఎదుటే చెప్పాను కూడా, అన్నయ్యా, మీ సరుకు పిల్ల మెడ కోసేస్తోంది అని. కోపం వస్తుందని ఆశపడ్డాను. రాలేదు. నువ్వే సరిచేసి పెట్టు తమ్ముడూ, నీ చేతికి మించిన చెయ్యి ఉందా అన్నాడు. వాళ్ళందరూ నావైపు తిరిగి నవ్వారు. పుండు మీద కారం చల్లినా ఓర్చుకోవచ్చు, వెన్న రాస్తే ఎలా ఓర్చుకుంటాం.

జాలీ ఊడదీశాను. మెత్తటి పట్టీ వేశాను. భుజం ఎగురుతూనే ఉంది. చంక బిగుతనుకుని విప్పి వదులు చేశాను. అయినా ఎగురుతూనే ఉంది. చివరికి ఆ గౌను పక్కన పెట్టించి, నేను కుట్టింది తొడిగించాను.

నా గౌనులో కూడా భుజం ఎగిరింది.

పిల్లని బల్ల ముందు నిలబెట్టి భుజం కొలిచాను. టేపు నిలవదే. ఒకసారి కొలిస్తే ఒకటి వస్తుంది, మళ్ళీ కొలిస్తే ఇంకోటి. ఇన్నేళ్ళ చేతిని అనుమానించలేక టేపు సాగిపోయిందనుకున్నాను. కొత్త టేపు కొన్నాను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. కొట్టు కట్టేసేముందు సూదులన్నీ లెక్క చూసుకోవాలి. మిషను సూది విరిగితే ఆ ముక్క దొరికేదాకా కుర్చీ దిగకూడదు. దొరక్కపోతే ఆ రోజు కుట్టిన ప్రతి బట్టనీ అయస్కాంతంతో తడమాలి. నాకు పని నేర్పిన ముసలాయన అలా నేర్పాడు. మా కొట్లో అయస్కాంతం పని బొత్తాంది. మాటలు సరిగ్గా రాని వయసునుంచే దానికి చెప్పాను, సూది ఒంట్లో దిగితే నెత్తుట్లో కొట్టుకుపోయి గుండె దాకా వెళ్తుందని. దర్జీల ఇళ్ళల్లో పిల్లలకి అందరూ చెప్పే మాటే. నాకూ అలాగే చెప్పారు.

ఆ వేసవి పిల్ల ఆ మాట పట్టుకుంది. నాన్నా, సూదులన్నీ ఉన్నాయా అనడిగేది. ఉన్నాయి. ఎవరి బట్టలోనూ మిగల్లేదు కదా. లేదు. ఎవరి గుండెలోకీ వెళ్ళదు కదా. వెళ్ళదే తల్లీ. గుక్కెడు మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ మొదటినుంచి అడిగేది. అయస్కాంతం పట్టుకుని తడిమిందే తడిమేది. బడి తెరిచేలోపు మామూలు బేరాలైనా దక్కించుకుందామని నేను మిషను తొక్కుతుంటే, నా మోచేయి పట్టుకుని అదే ప్రశ్న. మొదట చెప్పాను, తర్వాత విసుక్కున్నాను, ఆపైన తలెత్తకుండా లేదు లేదు అన్నాను. చివరికి అరిచాను. అరిస్తే ఏడ్చేది. ఆ ఏడుపు కూడా వింతగా ఉండేది. వెక్కి వెక్కి ఏడుస్తూ, కన్నీళ్ళు తుడుచుకోకముందే పకపకా నవ్వేది.

తర్వాత రోడ్డు దాటి వెళ్ళేది.

అక్కడ ఆయన బల్ల మీద చేతులాన్చి, దాని మొహంలో మొహం పెట్టి, అప్పుడే మొదటిసారి విన్నవాడిలా వినేవాడు. లేదమ్మా, ఏ బట్టలోనూ లేదు, నేను చూశాగా, అనేవాడు. ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు అలాగే చెప్పేవాడు. ఏం చూశాడు. ఆయన కొట్లో గుండుసూది తప్ప ఇంకో సూదే లేదు. కానీ దాని మొహం తేటపడేది. అద్దంలోంచి నాకు కనబడేది. సూదులతో పొట్టపోసుకునేవాణ్ణి నేను, సూది సంగతి నా కూతురు నమ్మింది సూది ముట్టని వాడి మాట.

రోజులు గడిచేకొద్దీ చెయ్యి కూడా అదుపు తప్పింది. బొత్తాలు రంగుల వారీగా డబ్బాల్లో సర్దడం దానికిష్టమైన పని. ఓ సాయంత్రం డబ్బా తీయబోయి, చెయ్యి ఎవరో లాగినట్టు ఎగిరి, మొత్తం నేల పాలు చేసింది. అంతకు ముందు రోజు గ్లాసు జారవిడిచింది. పెన్సిలు పట్టుకుంటే గీతలు కోడి కెలికినట్టు వచ్చాయి. మొహం చిట్లించేది. నాలుక బయటపెట్టమంటే పెట్టి చటుక్కున లోపలికి లాక్కునేది. చెల్లాచెదురైన బొత్తాలు ఏరుతూ నాకొక ఆలోచన వచ్చింది. ఇదంతా నా మీద సాధింపు. పసుపు గౌను తీయించానని.

దానికి రుజువు కూడా దొరికింది. ఒక మధ్యాహ్నం పిల్ల కొట్లోనే గుడ్డల కుప్ప మీద నిద్రపోయింది. నేను మిషను ఆపి చూశాను. భుజం ఎగరలేదు. వేళ్ళు కదల్లేదు. మొహం ప్రశాంతంగా, నెలల పిల్లలా ఉంది. ఎంతసేపు చూసినా అంతే. మా ఆవిణ్ణి పిలిచి చూపించాను.

"నిద్రలో ఆగిపోయిందంటే ఏంటి దానర్థం? నటనేగా," అన్నాను.

మా ఆవిడ పిల్ల పక్కన కూర్చుని, దాని చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"ఆస్పత్రికి తీసుకెళ్దామండీ," అంది. "బావగారు కూడా అదే అంటున్నారు. మెట్లెక్కేటప్పుడు మధ్యలో నిలబడిపోతోంది ఈ మధ్య."

బావగారు అనకుండా ఉంటే వెళ్ళేవాణ్ణేమో. నా కూతురికి ఏమైందో ఆయన చెప్పాలా, పిల్ల ఆయన కొట్లో తిరగడం మానేసి ఇక్కడ కూర్చుంటే అన్నీ సర్దుకుంటాయి అన్నాను. దానికి చేసిన అలవాటు ఆయనే మాన్పాలి అన్నాను. మా ఆవిడ తిరిగి ఒక్క మాట అనలేదు. మామూలుగా నేను ఒకటంటే నాలుగనే మనిషి, కుక్కిన పేనులా ఊరుకుందంటే నేను అప్పుడే అనుమానించాల్సింది.

బడులు తెరవడానికి ఇంకొన్నాళ్ళుందనగా, ఒక పొద్దున నేను ఖాతాదారు ఇంటికి బట్టలిచ్చి తిరిగొచ్చేసరికి, రెడీమేడ్ కొట్టు తలుపులు మూసున్నాయి. బయట యూనిఫారాల కోసం వచ్చిన తల్లులు పిల్లల్ని పట్టుకుని నిలబడ్డారు. ఏడాదికొక్కసారి వచ్చే సీజనులో, పట్టపగలు, ఆయన కొట్టు మూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఎన్నాళ్ళ కల అది. కానీ ఖాళీ సంచీతోనే రోడ్డు దాటాను. మా వదిన, అంటే రెడీమేడ్ భార్య, కొట్టు పక్కనున్న వాళ్ళింటి గుమ్మంలోంచి నన్ను చూసి, నెమ్మదిగా చెప్పింది.

"ఆస్పత్రికి వెళ్ళారు మరిదీ. పొద్దున పిల్ల పాలగ్లాసు పట్టుకోలేకపోయింది. నువ్వెళ్ళు. వెళ్ళి గొడవ పడకు."

గొడవ పడదామనే వెళ్ళాను.

పిల్లల డాక్టరు గది బయట బెంచీ మీద ఆయన కూర్చున్నాడు, ఆయన ఒళ్ళో పసుపు గౌనులో నా కూతురు, పక్కన మా ఆవిడ. చేతులు రెండూ దాని ప్రమేయం లేకుండా ఆడుతున్నాయి. ఆయన వాటిని అదిమిపట్టడం లేదు, వాటితో పాటే తన చేతులూ ఆడిస్తున్నాడు, ఇద్దరూ ఏదో ఆట ఆడుతున్నట్టు. ఎదురు బెంచీలోవాళ్ళు వాళ్ళనే చూస్తున్నారు. తండ్రీకూతుళ్ళనుకుని ఉంటారు. డాక్టరమ్మ కూడా లోపలికి పిలిచి ఆయనతోనే మొదలుపెట్టింది, మీ అమ్మాయికి ఈ మధ్య గొంతు నొప్పి గానీ వచ్చిందా అని.

"తండ్రిని నేను," అన్నాను.

ఆవిడ ఏమీ అనుకోలేదు. కుర్చీ నావైపు తిప్పి అదే ప్రశ్న మళ్ళీ అడిగింది. వచ్చింది, ఐస్‌క్రీము వల్ల అన్నాను, ఆయన వైపు చూడకుండా. ఐస్‌క్రీము వల్ల కాదండీ, ఒక క్రిమి వల్ల అంది. ఆయన మీద నాకున్న ఒక్క ఆధారమూ అలా పోయింది.

ఆ తర్వాత ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. గొంతులో దూరిన క్రిమిని తరమడానికి ఒంట్లో కాపలావాళ్ళు లేస్తారు. క్రిమి పోయింది. కాపలావాళ్ళు మాత్రం కర్రలు దించలేదు, సొంత ఇంటి మీదే పడ్డారు. కొందరు పిల్లల్లో అలా జరుగుతుందట. వాళ్ళు మెదడులో కదలికల్ని అదుపు చేసే చోట కొట్టారు కాబట్టి చేతులు ఎగురుతున్నాయి, ఏడుపూ నవ్వూ పట్టు తప్పాయి, భయం పుట్టి అడిగిందే అడుగుతోంది. పిల్ల కావాలని చేసేది ఇందులో గోరంత కూడా లేదు.

"నిద్రలో ఆగిపోతున్నాయి కదా," అన్నాను. ఇంకా నా దగ్గర అదొకటుంది.

"ఆగుతాయి. ఈ జబ్బులో అలాగే ఉంటుంది," అంది.

మా ఆవిడ నావైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

డాక్టరమ్మ ఇంకా ఆపలేదు. ఇదే దెబ్బ ఇంకో చోట కూడా పడుతుంది, అక్కడ చప్పుడు చేయదు అంటూ పిల్ల రొమ్ము మీద గొట్టం పెట్టి విన్నది. చోటు మార్చి విన్నది. ఎడమ పక్కకి తిప్పి, ఊపిరి బిగబట్టమని, మళ్ళీ విన్నది. నేను పని చేసేవాణ్ణి కాబట్టి పనిచేసేవాళ్ళ చేతులు చదవగలను. కుట్టు సరిగ్గా లేనిచోట నా వేలు ఎలా ఆగుతుందో, ఆవిడ చెయ్యి ఒకచోట అలా ఆగింది. గుండె పరీక్ష ఇప్పుడే చేయిద్దాం అంది. ఇన్నాళ్ళూ నొప్పి అని పిల్ల ఒక్కసారి అనలేదే అంటే, చాలామంది అనరు అంది. చేతుల కోసం వచ్చారు కాబట్టి గుండె సంగతి బయటపడుతుంది, లేకపోతే ఏళ్ళ తర్వాత తెలిసేది.

గుండె అన్న మాట పిల్ల చెవిన పడింది. నావైపు తిరిగి అడిగింది, చాలా చిన్న గొంతుతో.

"సూదా నాన్నా?"

పరీక్ష గదిలో వెలుతురు తక్కువ. గోడవారగా మంచం, పక్కన టీవీ లాంటి తెర, దాని ముందు ఒకావిడ. గౌను తీసేయండి, పిల్ల ఎడమ పక్కకి తిరిగి కదలకుండా పడుకోవాలి అంది. మా ఆవిడ జిప్పు లాగితే రాలేదు. నేను కుట్టిన మెడపట్టీ దారమే జిప్పు పళ్ళల్లో ఇరుక్కుంది. పిల్ల చేతులు ఎగురుతున్నాయి, ఊపిరాడనట్టు ఏడుస్తోంది. నా చొక్కా జేబులో దారాలు తెంపే చిన్న కత్తెర ఎప్పుడూ ఉంటుంది. తీసి రెండు భుజాల కుట్లూ తెంపాను. గౌను జారి కాళ్ళ దగ్గర పడింది. వేసవంతా ఆ గౌను మీద కత్తెర వేయాలని నా చెయ్యి దురద పెట్టింది. వేశాను. ఏమీ అనిపించలేదు.

కదలకుండా ఎవరైనా పట్టుకోవాలి అంది పరీక్ష చేసే ఆవిడ. నేను ముందుకు కదిలాను. పిల్ల పెదనాన్నా అంది.

పక్కకి తప్పుకున్నాను. ఇంకేం చేస్తాను. ఆయన మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని దాని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. నేను వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను, పెళ్ళిలో పిలవని చుట్టంలా. ఆవిడ జిగురులాంటిదేదో పూసి, చేతిలో పరికరాన్ని రొమ్ము మీద ఆనించింది. తెర వెలిగింది.

"పెదనాన్నా, సూది ఉందా?"

"లేదమ్మా. ఏమీ లేదు. నేను చూశాగా."

పిల్ల ఆయన మొహంలోకి చూసింది. తర్వాత అంది, "నువ్వు కళ్ళు మూసుకున్నావు."

మూసుకునే ఉన్నాడు. గట్టిగా, కనుబొమలు ముడిపడేలా. ఆయన చెంపల మీద నుంచి నీళ్ళు గడ్డం దాకా దిగాయి. పాపం, తెర వైపు చూసే ధైర్యం లేదు ఆయనకి. వేసవంతా చెప్పినట్టే చెప్పాడు, ప్రేమగా, తడుముకోకుండా, ఏదీ చూడకుండా. నేను తలెత్తకుండా చెప్పిన 'లేదు' కూడా అలాంటిదే, కాకపోతే అందులో ప్రేమ కూడా కలపలేదు.

"నాన్నా, నువ్వు చూడు," అంది.

తెర దగ్గరికి వెళ్ళాను. నల్లటి దాని మీద బూడిదరంగులో ఏదో కొట్టుకుంటోంది. ఆవిడని అడిగి ఏది ఏదో తెలుసుకున్నాను. రెండు పల్చటి రేకులు కలుస్తున్నాయి, విడిపోతున్నాయి. కలిసినప్పుడు అంచులు సరిగ్గా అతకడం లేదు. చొక్కా ముందు పట్టీ ఒకటి కురచైతే, బొత్తాం పెట్టాక కూడా మధ్యలో సందు కనబడుతుందే, అలా. ఆవిడ ఏదో మీట నొక్కగానే తెర మీద రక్తం రంగుల్లో కనబడింది, ఆ సందులోంచి ఆ రంగు వెనక్కి చిమ్ముతోంది. ఆవిడ చెప్పకపోయినా అది అలా చిమ్మకూడదని తెలిసింది. అయినా నేను చూస్తున్నది దాని కోసం కాదు. పిల్ల అడిగింది సూది గురించి. నిజంగానే వెతికాను. పైనుంచి కిందికి, అంచునుంచి అంచుకి, అయస్కాంతంతో బట్ట తడిమినట్టు, ఆవిడ పరికరం తీసేదాకా వెతికాను. అక్కడ సూది ఉండదని తెలియక కాదు. చూడకుండా ఇంకోసారి లేదు అనలేక.

"లేదమ్మా. మొత్తం చూశాను. సూది లేదు."

"ముక్క?"

"ముక్క కూడా లేదు."

చేతులు ఎగురుతూనే ఉన్నాయి. కానీ ఆ పూట అది మళ్ళీ అడగలేదు.

పిల్లని అక్కడే ఉంచుకున్నారు. గుండె కవాటం ఒకటి వాచింది, రక్తం వెనక్కి కారుతోంది, మందులకి కొంత సర్దుకోవచ్చు, సర్దుకోకపోవచ్చు అన్నారు. మళ్ళీ గొంతు నొప్పి వస్తే మాత్రం ఇంకా పాడవుతుంది, అది రాకుండా మూడు వారాలకోసారి ఇంజెక్షను, ఒకటీ తప్పకుండా, పిల్ల పెద్దదై తన కాళ్ళ మీద నిలబడేదాకా. చేతులు మెల్లగా దారికొచ్చాయి. ముందు భుజం, తర్వాత వేళ్ళు. ప్రశ్న కూడా పల్చబడింది, పూర్తిగా పోలేదు.

వాన మొదలయ్యాక బడులు తెరిచారు. బొత్తాం ఇంకా పరుపు మీదే ఉంది. మూడు సైజుల యూనిఫారాలు మా వీధిలో నడిచాయి, ఒకడి చేతులు అరచేతులు దాటి, ఒకత్తె నడుం జారి. మూడు సైజుల్లో పుట్టని పిల్లలందరూ సరిచేయమని నా గుమ్మం ముందు వరస కట్టారు. వేసవి మొదట్లో అయితే ఆ వరసని చూసి నేను వీధంతా వినబడేలా నవ్వేవాణ్ణి. కొలతలు తీస్తూ ఒక్కొక్కరి భుజం మీదా టేపు నిలబడుతుంటే చూస్తూ ఉండిపోయాను.

ఇంటికొచ్చాక మొదటి ఇంజెక్షనుకి అందరం వెళ్ళాం. ఆయన కొట్టు మళ్ళీ మూసి మరీ వచ్చాడు. పిల్ల నవ్వుతూ దారి పొడుగునా ఆయన చెయ్యే పట్టుకుంది. నర్సు సీసాలో తెల్లటి మందు కలిపింది, గంజిలా చిక్కగా. ఆ మందు పట్టాలంటే సూది కూడా లావుగానే ఉండాలి. అది చూసి ఆయన మొహం పాలిపోయింది, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నర్సు నవ్వి, ఈయన్ని కూర్చోబెట్టండి ముందు, పిల్ల తర్వాత అంది.

పిల్ల ఆయన్ని చూసింది. ఆయన చెయ్యి వదిలేసింది.

"నాన్న పట్టుకుంటాడు," అంది. "నాన్న చూస్తాడు."

నా మీద బోర్లా పడి, ముంజేయి రెండు చేతులా పట్టుకుంది. తుంట్లో సూది దిగేటప్పుడు అరవలేదు, గోళ్ళు దించింది. మందు ఎక్కుతున్నంతసేపూ దించుతూనే ఉంది. నేను రెప్పవేయకుండా సూదినే చూశాను. జీవితమంతా చూస్తున్న వస్తువేగా.

"వచ్చేసిందా నాన్నా? లోపల సూది మిగల్లేదు కదా?"

"వచ్చేసింది. మొత్తం వచ్చింది. మొన కూడా చూశాను."

నమ్మింది. మొహం తేటపడింది. ఆ తేటని అద్దంలోంచి కాకుండా ఇంత దగ్గర్నుంచి చూడడం నాకు అదే మొదలు.

కథ ఇక్కడ ఆగితే నేను మంచివాణ్ణయ్యేవాణ్ణి. ఆగలేదు. బయటికి రాగానే అది మళ్ళీ పెదనాన్న చెయ్యి పట్టుకుంది. కుంటుకుంటూ ఆయన కొట్లోకి వెళ్ళింది, ఐస్‌క్రీము తింది, తప్పు ఐస్‌క్రీముది కాదని డాక్టరమ్మే అంది కదా, అడ్డుపెట్టడానికి నాకు నోరు లేదు. నా మిషను దగ్గరికి ఆ నవ్వులు వినబడ్డాయి. నొప్పికి నేను, నవ్వుకి ఆయన. ఏం పంపకం ఇది, ఎవరు రాశారు. తండ్రినయ్యుండి నాకు గోళ్ళు, ఆయనకి ఐస్‌క్రీము. ఇప్పటికీ మూడు వారాలకోసారి ఇదే తంతు, ఇప్పటికీ నాకు అలాగే మండుతుంది.

ఆ సాయంత్రం ఆయన రోడ్డు దాటి వచ్చాడు, ఏదో గౌను అంచు దించాలని. బల్ల మీద గౌను పెట్టి మాట్లాడబోయి, నా ముంజేతి మీది గుర్తులు చూశాడు. ఎర్రగా, వంకర చంద్రుల్లా, లెక్కపెట్టుకోవచ్చు. చూపు అక్కడే ఉండిపోయింది.

"గట్టిగానే పట్టుకుందే తమ్ముడూ," అన్నాడు. అంటూ తన ఉత్త ముంజేతిని ఇంకో చేత్తో నిమురుకున్నాడు, అక్కడ కూడా ఏమైనా ఉందేమో చూసుకుంటున్నట్టు.

"నొప్పేం లేదన్నయ్యా," అన్నాను. చొక్కా చెయ్యి ఇంకాస్త పైకి మడిచాను.

అప్పటినుంచి ఇంజెక్షను రోజు పొట్టి చేతుల చొక్కా వేసుకుంటాను, చలికాలమైనా సరే. నా కొలతకి నేనే కుట్టుకున్నాను, మోచేతికి బెత్తెడు పైనే ఆపాను. కొట్టు తెరిచి, ముంజేయి రోడ్డు వైపు పెట్టి, మిషను ముందు కూర్చుంటాను. అలాంటి చొక్కా ఆ అద్దాల కొట్లో దొరకదు.